సార్టెక్స్ ఆపరేటర్ మానేశాడు: మంచి పనివాళ్ళను ఎలా వెతుక్కోవాలి, ఉన్నవాళ్ళను ఎలా నిలుపుకోవాలి?

సాగర్‌రోడ్ మిల్లు
మార్చి 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. నాన్న పెట్టిన రైస్ మిల్లును మూడేళ్ళుగా నేను చూసుకుంటున్నాను. గంటకు 4 టన్నుల మిల్లు. రా (పచ్చి), బాయిల్డ్ (ఉప్పుడు) బియ్యం రెండూ ఆడిస్తాం. హమాలీలు కాకుండా 23 మంది పనిచేస్తున్నారు.

మొన్న శుక్రవారం మా సార్టెక్స్ (బియ్యంలో నల్ల గింజలు ఏరే మెషిన్) ఆపరేటర్ పని మానేశాడు. తొమ్మిదేళ్ళు మా దగ్గరే ఉన్నాడు. చెల్లెలి పెళ్ళికని 60,000 అడ్వాన్స్ తీసుకున్నాడు, అందులో 42,000 బాకీ ఉంది. బాకీ తీరేదాకా ఎటూ పోడులే అని నేను నిశ్చింతగా ఉన్నాను. శుక్రవారం పొద్దున ఆఫీసు గదిలోకి వచ్చి, రబ్బరు బ్యాండు వేసిన నోట్ల కట్ట టేబుల్ మీద పెట్టి, "లెక్క చూసుకోండి సేటూ" అన్నాడు. నేను లెక్కపెట్టేదాకా నిలబడే ఉన్నాడు. రాయచూరు వైపు మిల్లులో చేరుతున్నాడట. ఇంకో మాట మాట్లాడలేదు.

ఇంకో నెలలో యాసంగి వడ్లు వస్తాయి. ఒకప్పుడు సర్కారు బియ్యం ఆడించి ఇస్తే చాలు, మిల్లు నడిచేది. ఇప్పుడు మేం సొంత బ్రాండు మీద 26 కిలోల సంచులు కట్టి హైదరాబాద్ పంపుతున్నాం. అక్కడ షాపువాడు దోసెడు బియ్యం ట్రేలో పోసి ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. రెండు నల్ల గింజలు కనబడితే క్వింటాల్‌కు ఇంత అని కోత పెడతాడు. అంటే మిల్లు మొత్తానికి ముఖ్యమైన మనిషి ఆ మెషిన్ ముందు నిలబడ్డవాడే. వాడే పోయాడు.

కొత్తవాళ్ళ కోసం నలుగురికి చెప్పి పెట్టాను. ఇద్దరు వచ్చారు. ఇద్దరూ ముందు అడిగింది "అడ్వాన్స్ ఎంతిస్తారు?" అనే. మీ అనుభవాలు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సూర్యాపేట బట్టలకొట్టు
మార్చి 9, రాత్రి 11:15

జీతం ఎంత ఇచ్చేవారు అన్నా? చివరిసారి ఎప్పుడు పెంచారు?

సాగర్‌రోడ్ మిల్లు
మార్చి 10, ఉదయం 6:50

19,000. నేను మిల్లు చేతికి తీసుకున్నప్పుడు 2,000 పెంచాను, ఆ తర్వాత పెంచలేదు. తను కూడా ఎప్పుడూ అడగలేదు. రాయచూరులో 24,000 అంటున్నారు. నన్ను అడిగి ఉంటే నేనూ ఇచ్చేవాణ్ణి. అదే మనసులో గుచ్చుకుంటోంది.

పాత మిల్లరు
మార్చి 10, ఉదయం 9:20

తమ్మీ, ముప్పై ఏళ్ళుగా ఈ పనిలోనే ఉన్నా కాబట్టి చెబుతున్నా. అడ్వాన్స్ లేనిది మిల్లు నడవదు. సీజన్ మొదట్లో హమాలీ మేస్త్రికి లక్షల్లో కట్టకపోతే బీహార్ నుంచి ఒక్క మనిషి రైలెక్కడు. ఆపరేటర్లదీ అంతే. నీ తప్పల్లా బాకీని 42,000కు దిగనివ్వడం. లక్ష మీద ఉంచి ఉంటే కదిలేవాడు కాదు.

మార్కెట్ మారింది అన్నావు, నిజమే. 2021లో బాయిల్డ్ బియ్యం తీసుకోం అని కేంద్రం అన్నప్పుడు మనందరి పరిస్థితి ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది. యాసంగి వడ్లకు ఏప్రిల్, మే ఎండల్లో గింజ లోపల సన్నగా పగులు వస్తుంది. రా బియ్యంగా ఆడిస్తే సగం నూకే. ఉడకబెడితే ఆ పగులు అతుక్కుని గింజ నిలుస్తుంది. అందుకే మనం బాయిల్డ్‌కు అలవాటు పడ్డాం. ఆ దారి ఇరుకైనప్పుడు సన్నాల వైపు, సొంత బ్రాండ్ల వైపు మళ్ళాం. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ పడితే రాత్రికి రాత్రి 26 కిలోల సంచి వచ్చింది. 2025 ఉగాదికి మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం మొదలైంది, బహిరంగ మార్కెట్‌లో సన్నాల లెక్క మళ్ళీ మారింది. ఇన్ని మార్పులు చూసి కూడా మేం నిలబడ్డాం అంటే మనుషుల్ని గట్టిగా పట్టుకోవడం వల్లే.

పాలమూరు మేస్త్రి కొడుకు
మార్చి 10, మధ్యాహ్నం 1:35

పెద్దాయనా, మీ అనుభవం ముందు నేను చిన్నవాణ్ణి. కానీ అడ్వాన్స్ సంగతి మా ఇంట్లోనే పుట్టి పెరిగింది కాబట్టి చెప్పాలి.

మా నాన్న గుంపు మేస్త్రి. మక్తల్ వైపు మా ఊరు. దసరా వెళ్ళగానే గుత్తేదారు మనిషి వచ్చేవాడు. మా అరుగు మీద కూర్చుని ఇంటికింత అని అడ్వాన్స్ పంచేవాడు. ఆ డబ్బు పాత అప్పులకు, పండగ ఖర్చుకు పోయేది. తర్వాత ఎనిమిది తొమ్మిది నెలలు ఎక్కడ డ్యామ్ ఉంటే అక్కడ, ఎక్కడ కాలువ ఉంటే అక్కడ. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. మీ వడ్లు పండించే సాగర్ నీళ్ళు ఏ కట్ట వెనక నిలబడ్డాయో ఆ కట్ట రాళ్ళతో కట్టిందే. 1955 డిసెంబర్‌లో నెహ్రూ శంకుస్థాపన చేశాక ఏళ్ళ తరబడి మనుషులు రాళ్ళు మోసి కట్టారు. వాళ్ళలో మా జిల్లావాళ్ళు ఎందరో.

ఆ అడ్వాన్స్ ఎప్పుడూ తీరేది కాదు. లెక్కల పుస్తకం మేస్త్రి దగ్గర, అంటే మా నాన్న దగ్గర ఉండేది. కొట్టు సామాన్లు, మందులు, ఊరికి పోయి వచ్చిన ఛార్జీలు అన్నీ అందులో ఎక్కేవి. నాకు పదమూడేళ్ళప్పుడు ఒకాయన మా నాన్న దగ్గరకు వచ్చి, "నా లెక్క ఒక్కసారి చదివి చెప్పు" అని అడిగాడు. నాన్న చదవలేదు. "ఉందిలే, ఇంకా ఉంది" అన్నాడు. ఆ మనిషి తల వంచుకుని వెళ్ళిపోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. బాకీ పేరుతో మనిషిని పనికి కట్టేయడాన్ని 1976 చట్టం నిషేధించింది. మన పక్క నల్గొండలో వెట్టి మీద ఎంత రక్తం పారిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. రైస్ మిల్లు అడ్వాన్స్, వెట్టి ఒకటే అని నేను అనడం లేదు. కష్టానికి డబ్బు ఇచ్చి ఆదుకోవడం మంచిదే. కానీ "బాకీ ఉంది కాబట్టి పోడు" అని యజమాని అనుకున్న రోజు నుంచి ఆ మనిషి ఏమనుకుంటున్నాడో చూడటం మానేస్తాడు. సాగర్‌రోడ్ అన్న విషయంలో జరిగింది అదే అని నాకు అనిపిస్తోంది. ఆ ఆపరేటర్ నెలల తరబడి ఆ నోట్ల కట్ట కూడబెట్టుకున్నాడు అన్నా. ప్రతి నెలా పోవాలనే అనుకున్నాడు. మీకు తెలియలేదు.

నేనిప్పుడు హైదరాబాద్‌లో చిన్న చిన్న కన్‌స్ట్రక్షన్ పనులు పడుతున్నాను. 30 మంది ఉంటారు. అడ్వాన్స్ ఇస్తాను. కానీ ప్రతి శనివారం ఎవరి లెక్క వాళ్ళకు ఫోన్‌లో పంపుతాను, చదువు రానివాళ్ళకు చదివి వినిపిస్తాను. బాకీ ఉండగా పోతానంటే పొమ్మంటాను, మెల్లగా ఫోన్‌పే చెయ్యమంటాను. నాలుగేళ్ళలో ఎగ్గొట్టింది ఇద్దరు.

పాత మిల్లరు
మార్చి 10, సాయంత్రం 7:05

నీ బాధ అర్థమైంది బిడ్డా. కానీ 30 మందిలో ఇద్దరు ఎగ్గొడితే నువ్వు తట్టుకున్నావు. సీజన్ మధ్యలో మిల్లు ఆగితే రోజుకు ఎంత నష్టమో లెక్క వేసుకో. ఆరబోసిన వడ్లు వానకు తడుస్తాయి, బ్యాంకు వడ్డీ ఆగదు. మాటలు మంచివే, సీజన్‌లో మాత్రం మనిషి మిల్లులో ఉండాలి.

సూర్యాపేట బట్టలకొట్టు
మార్చి 10, సాయంత్రం 7:30

బాకీ 42,000 ఉన్నా సరిగ్గా సీజన్ ముందే పోయాడు కదా సార్?

రిటైర్డ్ హెచ్‌ఆర్, జడ్చర్ల
మార్చి 11, ఉదయం 8:10

ఒక మందుల కంపెనీలో 22 ఏళ్ళు మనుషుల్ని తీసుకునే పని చేసి రిటైరయ్యాను. పోలేపల్లి సెజ్ వచ్చాక జడ్చర్ల చుట్టుపక్కల పిల్లల్ని వందల మందిని చూశాను. నాకు తెలిసినవి రెండు మూడు చెబుతాను.

మొదటిది, మీరు "ఆపరేటర్" కోసం వెతుకుతున్నారు. తయారైన ఆపరేటర్ అంటే ఇంకో మిల్లులో పనిచేస్తున్నవాడు. వాణ్ణి డబ్బుతో తెస్తే, ఇంకొకడు అదే డబ్బుతో తీసుకెళతాడు. మీ మిల్లులో ఇప్పటికే ఉన్న 22 మందిలో ఆ పని మీద కన్ను ఉన్నవాడు ఎవడో ముందు చూడండి. పని లేనప్పుడు కూడా మెషిన్ దగ్గరకు వెళ్ళి నిలబడేవాడు ఒకడైనా ఉంటాడు. వాణ్ణి మీరు ఇప్పటిదాకా "అక్కడేం పని?" అని కసిరి ఉండవచ్చు కూడా.

రెండోది, ఇంటర్వ్యూలో మాటలు అడగకండి. పని చేయించి చూడండి. మేం ప్యాకింగ్ లైన్‌కు తీసుకునేటప్పుడు ఇరవై మాత్రల పట్టీలు ముందు పెట్టి తేడా ఉన్నవి తీయమనేవాళ్ళం. డిగ్రీ చదివినవాళ్ళు ఆరు తీస్తే, పదో తరగతి తప్పిన ఒక అమ్మాయి తొమ్మిది తీసింది. ఉన్నవి తొమ్మిదే. ఆ అమ్మాయి తర్వాత లైన్ సూపర్‌వైజర్ అయింది. మీరూ ట్రేలో బియ్యం పోసి ఇవ్వండి. రోజుకు పూర్తి కూలి కట్టి మూడు రోజులు పని చేయించి, అప్పుడు నిర్ణయించండి. ఊరికే చేయించుకోవద్దు, ఆ మాట ఊరంతా పాకుతుంది.

మూడోది, అప్రెంటిస్‌లు. 30 మందికి పైన ఉంటే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి, మీలా తక్కువ ఉన్నవాళ్ళు ఇష్టమైతే తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 దాకా కేంద్రం భరిస్తుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ చదివిన పిల్లలు మీకు సరిపోతారు. ప్రిన్సిపాల్ దగ్గరకు స్వయంగా వెళ్ళండి. ఫోన్ చేస్తే పేర్ల లిస్టు వస్తుంది, వెళితే "సార్, వీడు గట్టివాడు" అని ఒక పిల్లవాణ్ణి పిలిచి చూపిస్తారు.

ఇంతకీ అతను మానేయడానికి ముందు మీ ఇద్దరి మధ్య ఏమైనా జరిగిందా? నా అనుభవంలో మనిషి జీతం కోసం వెతకడం మొదలుపెట్టేది ఏదో ఒక రోజు తర్వాతే.

ట్రే పట్టినోడు
మార్చి 11, రాత్రి 9:50

నేను సార్టెక్స్ ఆపరేటర్‌నే. మీ దగ్గర చేసినవాణ్ణి కాదు, వేరే ఊరు. పదకొండేళ్ళ నుంచి చేస్తున్నాను. ఇలాంటి చోట ఎప్పుడూ రాయలేదు, ఇది చదివాక రాయాలనిపించింది.

మా పని బటన్ నొక్కడం అనుకుంటారు. బియ్యం ఛ్యూట్ మీద నుంచి జారుతుంటే కెమెరా చూస్తుంది, రంగు తేడా ఉన్న గింజను గాలి కొట్టి పక్కకు తోస్తుంది. సెన్సిటివిటీ ఎంత పెట్టాలి అన్నది నేను చెప్పాలి. ఎక్కువ పెడితే నల్ల గింజతోపాటు నాలుగు మంచి గింజలు రిజెక్షన్‌లోకి పోతాయి, సేటు నష్టపోతాడు. తక్కువ పెడితే నల్లవి సంచిలోకి పోతాయి, పేరు పోతుంది. ప్రతి లాట్‌కూ మారుతుంది. వడ్లు ఏ ఊరివి, వానకు తడిశాయా, ఎన్ని రోజులు కుప్పలో ఉన్నాయి, డ్రైయర్‌లో ఎంతసేపు ఉన్నాయి, ఇవన్నీ నాకు తెలియాలి. ఎవరూ చెప్పరు. నేనే వెళ్ళి డ్రైయర్ దగ్గర గింజ పంటి కింద పెట్టి కొరికి చూస్తాను. టక్కున విరిగితే ఆరింది, మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉంది.

అరగంటకోసారి నీలం ట్రేలో దోసెడు పోసి లైటు కింద వేలితో పరిచి చూస్తాను. రాత్రి షిఫ్టులో మూడు గంటలకు కళ్ళు మండుతాయి. అప్పుడే తప్పులు జరుగుతాయి. పన్నెండు గంటల షిఫ్టులో చివరి నాలుగు గంటలు ఏ మనిషి కన్నూ పనిచేయదు. ఇది నేను పనిచేసిన ఏ మిల్లులోనూ ఒప్పుకోలేదు.

సేటుకు నేను కోరేది పెద్దది కాదు. వడ్లు కొనేటప్పుడు ఒక్క మాట చెప్పండి, "ఈ లాట్ తడిసినవి" అని. మెషిన్ బాగోలేదని నేను చెబితే నమ్మండి. బియ్యం బాగున్నాయని కొన్న పార్టీ చెప్పిన రోజు ఆ మాట నాదాకా రానివ్వండి. బాగోలేదన్న మాట ఎలాగూ వెంటనే వస్తుంది.

సాగర్‌రోడ్ మిల్లు
మార్చి 12, రాత్రి 12:20

జడ్చర్ల సార్ అడిగినదానికి పొద్దుటి నుంచి జవాబు రాయలేకపోయాను. ఆపరేటర్ అన్న రాసింది చదివాక దాచుకోవడం సరికాదనిపించింది.

జరిగింది. జనవరిలో. హైదరాబాద్ పార్టీ ఒక లారీ, 250 క్వింటాళ్ళు, క్వింటాల్‌కు 80 కోసింది. 20,000 పోయింది. వాళ్ళ మనిషి మిల్లుకు వచ్చాడు. ఆయన ముందే మా ఆపరేటర్‌ను పిలిచి, "తొమ్మిదేళ్ళ నుంచి నేర్చుకున్నది ఇదేనా?" అన్నాను. పక్కన గుమస్తా ఉన్నాడు, బస్తాలు కుట్టే పిల్లలు ఉన్నారు. తను ఏమీ అనలేదు. చేతిలో ట్రే ఉంది. దాన్ని జాగ్రత్తగా గోడకు ఆనించి పెట్టి వెళ్ళిపోయాడు.

అంతకు పదిహేను రోజుల ముందే కంప్రెసర్ ఎయిర్ డ్రైయర్ సరిగా లేదు, గాలిలో నీళ్ళు వస్తున్నాయి, గాలితో గింజను తోసే ఎజెక్టర్లు పట్టేస్తున్నాయి అని నాకు రెండుసార్లు చెప్పాడు. రిపేరుకు 14,000 అవుతుందన్నాడు. సీజన్ తర్వాత చూద్దాంలే అన్నాను. తప్పు నాది. ఆ రోజు పార్టీ ముందు ఆ మాట తను చెప్పి ఉంటే నా పరువు పోయేది. చెప్పలేదు.

ఫిబ్రవరిలో ఎయిర్ డ్రైయర్ బాగు చేయించాను. తనతో మాత్రం ఏమీ అనలేదు.

నల్గొండ కామర్స్
మార్చి 12, ఉదయం 10:00

అన్నా, ఇది రాయడానికి ధైర్యం కావాలి. ఫోన్ చేసి ఆయనకే చెప్పండి, తిరిగి రమ్మని కాకుండా.

నాదీ ఒక మాట. నేను బీకాం, టాలీ, జీఎస్టీ రిటర్నులు వచ్చు. నల్గొండలో రెండు చోట్ల మానేశాను. ఒక చోట ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న "పెళ్ళెప్పుడు?" రెండో చోట ఆడవాళ్ళకు బాత్రూమ్ లేదు, పక్కింటికి వెళ్ళి రావాలి. మార్చి నెలాఖరున రాత్రి తొమ్మిదింటిదాకా కూర్చోబెట్టి, బస్సులు లేవంటే "మీ నాన్నను రమ్మను" అన్నారు. మా బ్యాచ్‌లో లెక్కలు బాగా వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అమ్మాయిలే. సగంమంది ఇంట్లో ఉన్నారు, మిగతావాళ్ళు హైదరాబాద్ హాస్టళ్ళలో. మనుషులు దొరకడం లేదు అని ఇక్కడి యజమానులు అంటుంటే నాకు బాధేస్తుంది. మీ మిల్లులో 23 మందిలో ఆడవాళ్ళు ఎందరు?

సాగర్‌రోడ్ మిల్లు
మార్చి 12, ఉదయం 10:25

ఊడ్చేవాళ్ళు ఇద్దరు. ఆఫీసులో ఎవరూ లేరు. బాత్రూమ్ కూడా లేదమ్మా.

అడ్మిన్
మార్చి 12, మధ్యాహ్నం 12:00

మిల్లుల పేర్లు, మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు రాయవద్దు. రెండు కామెంట్లు తీసేశాం. చర్చ బాగుంది, కొనసాగించండి.

ఆసు పోసిన చేయి
మార్చి 13, రాత్రి 8:45

పోచంపల్లి దగ్గర మాది. మా ఆయన, నేను కలిసి 11 మగ్గాలు చూసుకుంటాం. వ్యాపారం వేరైనా గోడు ఒకటే.

మాకు మార్కెట్ ఎలా మారిందంటే, ఇక్కత్ డిజైన్‌ను మామూలు గుడ్డ మీద ప్రింటు కొట్టి పదో వంతు ధరకు అమ్ముతున్నారు. 2005లో మా ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ షాపులో కొనేవాళ్ళకు తేడా తెలియాలి కదా. నూలుకే ముడులు కట్టి, రంగులు అద్ది, ఆ తర్వాత నేస్తేనే ఇక్కత్. ఇప్పుడు మమ్మల్ని నిలబెట్టేది కొత్త డిజైన్ ఒక్కటే. దానికి తెలివైన పిల్లలు కావాలి. ఆ పిల్లలేమో చౌటుప్పల్ కంపెనీలకు పోతున్నారు. నెల తిరిగేసరికి జీతం, పీఎఫ్. వాళ్ళను తప్పు పట్టలేను.

ఇద్దరిని నిలుపుకోగలిగాం. ఒకడు గ్రాఫ్ కాగితం మీద వేసే డిజైన్‌ను కంప్యూటర్‌లో వేయడం సొంతంగా నేర్చుకున్నాడు. వాడు వేసిన డిజైన్ చీర ఎన్ని అమ్ముడుపోతే అన్నిసార్లు వాడికి వాటా. చీరతోపాటు పెట్టే చిన్న కార్డు మీద వాడి పేరు ఉంటుంది. ఇంకొకటి, చీర ఎంతకు అమ్మామో వాళ్ళకు చెబుతాం. మొదట్లో మా ఆయన ఒప్పుకోలేదు, ధర తెలిస్తే కూలి ఎక్కువ అడుగుతారన్నాడు. అడిగారు కూడా. కానీ ఏ రంగు అమ్ముడుపోతోంది, ఏది మూలన పడి ఉంది అన్నది తెలిసేసరికి వాళ్ళే "అక్కా, ఈ పచ్చ ఆపేద్దాం" అనడం మొదలుపెట్టారు.

ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారిని అందరూ ఎరుగుదురు. వాళ్ళమ్మ రోజంతా ఆసు పోసి (నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పి) భుజం నొప్పితో పడుతున్న బాధ చూడలేక యంత్రం కనిపెట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగినాయన. 2017లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఆయన ఏళ్ళ తరబడి ఆ చెక్కలు, మోటార్లు పెట్టుకుని కుస్తీ పడుతున్నప్పుడు దగ్గరకు పిలిచి పని ఇచ్చేవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారు? ఇలాంటి పిల్లవాడు మా ఊళ్ళో ఇప్పుడు ఎవడున్నాడో అని నేను రోజూ చూస్తుంటాను.

పాత మిల్లరు
మార్చి 14, ఉదయం 7:40

చెల్లెమ్మ చెప్పింది బాగుంది. ఒక సంగతి ఒప్పుకుంటాను. నా మిల్లులో మొదటి బాయిలర్ మనిషి 19 ఏళ్ళు ఉన్నాడు. వాడికి ఒక్క రూపాయి అడ్వాన్స్ లేదు. వాడి కొడుకు పాలిటెక్నిక్ ఫీజు మేం కట్టాం, అది కూడా వాడు అడగకుండానే. నేను మనుషుల్ని నిలిపింది అడ్వాన్స్‌తోనే అనుకున్నా, రాత్రి కూర్చుని ఒక్కొక్కరినీ గుర్తు చేసుకుంటే లెక్క కుదరలేదు. హమాలీల విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. ఆ పద్ధతి మేస్త్రిల చేతిలో ఉంది, ఒక్క మిల్లు మార్చలేదు.

పాలమూరు మేస్త్రి కొడుకు
మార్చి 14, ఉదయం 8:15

ఒక్క మిల్లు మార్చలేదు, నిజమే పెద్దాయనా. కానీ మేస్త్రికి ఇచ్చిన అడ్వాన్స్‌లో ఎవరి పేరు మీద ఎంత రాశాడో ఆ హమాలీని పిలిచి అడగవచ్చు. ఆ ఒక్క పని చేస్తే చాలు, చాలా తేడా వస్తుంది.

రిటైర్డ్ హెచ్‌ఆర్, జడ్చర్ల
మార్చి 14, ఉదయం 11:30

సాగర్‌రోడ్ గారూ, 23 మంది అన్నారు. ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా), పీఎఫ్ ఉన్నాయా? పది మంది ఉంటే ఈఎస్‌ఐ వర్తిస్తుంది. జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకు యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఇరవై మందికి పీఎఫ్. ఇవి చట్టం కోసం కట్టేవి అని మనవాళ్ళు విసుక్కుంటారు. చౌటుప్పల్ కంపెనీకి పిల్లలు ఎందుకు పోతున్నారో పోచంపల్లి అమ్మ చెప్పారు కదా, ఆ పీఎఫ్ అనే మాటకు పెళ్ళి సంబంధాల దగ్గర కూడా విలువ ఉంది. ఆడపిల్ల తండ్రి అడిగే రెండో ప్రశ్న అదే.

ఆపరేటర్ షిఫ్టు ఎనిమిది గంటలకు తగ్గించండి. ఇద్దరు కాకుండా ముగ్గురు కావాలి. ఖర్చు పెరుగుతుంది. కానీ ఒక లారీకి 20,000 కోత పడింది అన్నారు, ఒక మనిషి నెల జీతం అంతకంటే తక్కువే.

సాగర్‌రోడ్ మిల్లు
మార్చి 15, రాత్రి 10:10

పీఎఫ్ 14 మందికే ఉంది. మిగతావాళ్ళను కాంట్రాక్టు కింద చూపిస్తున్నాం. సరిచేస్తాను, మా ఆడిటర్‌తో మాట్లాడాను.

ఈ రోజు చేసింది చెబుతాను. జడ్చర్ల సార్ చెప్పినట్టు మధ్యాహ్నం భోజనాల తర్వాత ట్రేలు పెట్టి, ఎవరైనా రావచ్చు అన్నాను. ఏడుగురు వచ్చారు. బస్తాలు కుట్టే పిల్లవాడు ఒకడు, ఇంటర్ ఆపేసినవాడు, హమాలీ మేస్త్రి బంధువు, గింజలు ఏరడమే కాకుండా "సేటూ, ఇవి రెండు లాట్లవి కలిపారు" అన్నాడు. నిజంగానే గుమస్తా రెండు సంచుల్లోంచి తీసి కలిపాడు. నాకు కూడా తెలియదు. ఎలా కనిపెట్టావంటే, పొట్టలో తెల్లమచ్చ ఉన్న గింజలు ఒక మూలకే ఉన్నాయన్నాడు. నాలుగేళ్ళుగా వాడు మా కాటా పక్కనే కూర్చుని సంచులు కుడుతున్నాడు.

రాయచూరుకు ఫోన్ చేశాను. జనవరి సంగతి నాదే తప్పు అని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎయిర్ డ్రైయర్ బాగు చేయించారు కదా, అప్పుడే అర్థమైంది" అన్నాడు. తిరిగి రమ్మని అడగలేదు. కొత్త పిల్లవాడికి నేర్పుతావా, ఆదివారం ఆదివారం వస్తే కూలి, ఛార్జీలు ఇస్తానన్నాను. ఆలోచించి చెబుతానన్నాడు.

ట్రే పట్టినోడు
మార్చి 15, రాత్రి 10:40

వస్తాడు అన్నా. పని నేర్పమని అడిగితే మేం కాదనలేం.

నల్గొండ కామర్స్
మార్చి 16, ఉదయం 9:05

బాత్రూమ్?

సాగర్‌రోడ్ మిల్లు
మార్చి 16, ఉదయం 9:30

మేస్త్రిని పిలిచాను. ఆఫీసు వెనక రేపు ముగ్గు పోస్తున్నారు. అది అయ్యాకే అకౌంట్స్ పోస్టు బయట చెబుతాను.

సాగర్‌రోడ్ మిల్లు
జూన్ 21, రాత్రి 9:15

యాసంగి అయిపోయింది. ఎలా జరిగిందో చెప్పాలి కాబట్టి వచ్చాను.

ఆపరేటర్ ఐదు ఆదివారాలు వచ్చాడు. నాతో తక్కువ, పిల్లవాడితో ఎక్కువ మాట్లాడాడు. మొదటి రోజు మెషిన్ ముట్టుకోనివ్వలేదు, వడ్ల కుప్పల దగ్గరే తిప్పాడు. రాయచూరులోనే ఉన్నాడు, అక్కడ బాగానే ఉందట. తన పాత బాకీ లెక్కలో మా గుమస్తా 3,000 ఎక్కువ రాశాడని పుస్తకం తిరగేస్తే తెలిసింది. తిరిగి ఇచ్చాను. ఇప్పుడు అందరి లెక్కలూ నెలాఖరున ఫోన్‌కు పంపుతున్నాం.

ఏప్రిల్‌లో పిల్లవాడి చేతిలో ఒక లాట్ పోయింది. 12 క్వింటాళ్ళ మంచి బియ్యం రిజెక్షన్‌లోకి వెళ్ళాయి. వాడి మొహం పాలిపోయింది. నాకు కోపం వచ్చింది, కానీ ఆ రోజు గోడకు ఆనించిన ట్రే గుర్తొచ్చింది. ఇద్దరం కూర్చుని అన్నీ మళ్ళీ ఆడించాం, తెల్లవారుజామున నాలుగైంది. వడ్లు తడిసినవని కొన్నప్పుడే నాకు తెలుసు, వాడికి చెప్పలేదు. ఇప్పుడు కొనుగోలు చీటీ నకలు మెషిన్ దగ్గరకు వెళుతోంది.

షిఫ్టులు మూడు చేశాం. ఐటీఐ నుంచి ఇద్దరు అప్రెంటిస్‌లు వచ్చారు, ఒకడు వారానికే మానేశాడు. అకౌంట్స్‌లో ఒక అమ్మాయి చేరింది, ఐదున్నరకు వెళ్ళిపోతుంది. అడ్వాన్సులు పూర్తిగా ఆపలేకపోయాను. ముగ్గురికి ఇచ్చాను, ఎందుకు ఇచ్చానో, ఎప్పటికి తీరుతుందో కాగితం మీద రాసి వాళ్ళకో కాపీ ఇచ్చాను. ఈ సీజన్‌లో లాభం పోయినేడు కంటే తక్కువే. కోతలు మాత్రం రెండు లారీలకే పడ్డాయి.

ఒక సందేహం. మెషిన్ కంపెనీవాళ్ళు హైదరాబాద్‌లో మూడు రోజుల ట్రైనింగ్ పెడుతున్నారు. పిల్లవాణ్ణి పంపుదామనుకుంటున్నా. నేర్చుకుని వచ్చి వేరే మిల్లుకు పోతాడని నాన్న అంటున్నాడు.

పాత మిల్లరు
జూన్ 22, ఉదయం 6:30

పంపు తమ్మీ. మావాణ్ణి కూడా పంపుతాను, ఇద్దరూ ఒకే బస్సులో పోతారు.

ట్రే పట్టినోడు
జూన్ 22, రాత్రి 10:05

పోయేముందు వాడికి ఒకటి చెప్పండి అన్నా. వానాకాలం వచ్చింది, గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వ్ ఉంటుంది, షిఫ్టుకు రెండుసార్లు తిప్పి నీళ్ళు వదలాలి. వాడు లేని మూడు రోజులూ ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే చెప్పి పెట్టండి.